ముందు నాకు

“ఆ కుర్చీలో కూర్చోకు!”

తల్లి కూతురి జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. పళ్ళ డాక్టరమ్మ తొడుక్కుంటున్న గ్లవ్ సగంలో ఆపి చూసింది.

“ఏమైందమ్మా? మీరే కదా తీసుకొచ్చారు?”

“చూడమని తీసుకొచ్చాను. పన్ను మీద చెయ్యి వెయ్యమని కాదు,” అంది తల్లి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆవిడ ఎవరితో మాట్లాడినా అంతే. చిన్నప్పటి నుంచీ ముందు పళ్ళ మీద సున్నం చుక్కల్లాంటి మచ్చలు. ఆ పొద్దున కూతురు అద్దం ముందు నిలబడి, “అమ్మా, నా పంటి మీద ఏదో తెల్లగా ఉంది” అనేసరికి దగ్గరికెళ్ళి చూసింది. అచ్చం తన మచ్చే. తుడవబోతే, “ముట్టుకోకు, జివ్వుమంటోంది” అంది కూతురు. ఇంకేముంది, పొయ్యి ఆపానా లేదా అని వెనక్కి వెళ్ళి చూసుకుని మరీ, పిల్లని వెంటబెట్టుకుని వచ్చేసింది.

“భయం లేదమ్మా,” అంది డాక్టరమ్మ. “డ్రిల్లు పెట్టను, సూది వెయ్యను. మచ్చ ఉన్నచోట పంటి పైపొరలో కంటికి కనబడని సందులుంటాయి. వాటిలోకి నీళ్ళలాంటి మందు ఇంకిస్తాను. మచ్చ పంటి రంగులో కలిసిపోతుంది.”

“సూదీ డ్రిల్లూ లేకుండా పళ్ళ వైద్యమా?” తల్లి నమ్మలేదు. “ఆ మందు గొంతులోకి జారితే?”

“జారదు. పళ్ళ చుట్టూ రబ్బరు పొర కడతాను.”

“దాంతో ఊపిరాడకపోతే?”

“ముక్కుంది కదమ్మా,” అంది కూతురు.

“నువ్వూరుకో. ఆ ముక్కుకి రాత్రి నుంచీ జలుబు. మందు పడక పన్ను నల్లబడితేనో? రేపు అసలుకే ఊడిపోతేనో?”

“సరే, వద్దులే. పద, ఇంటికి పోదాం. నేనూ నీలాగే చెయ్యి అడ్డం పెట్టుకుంటా. కొన్నాళ్ళకి అలవాటైపోతుంది.”

తల్లి మొహం పాలిపోయింది. వాళ్ళింట్లో ఏ ఫోటో తీసి చూసినా ఆవిడకి నోరుండదు, చెయ్యే ఉంటుంది. ఈ పిల్ల బతుకూ ఆ చేతి వెనకాలేనా? చేయించాలంటే భయం. మానాలంటే అంతకన్నా భయం.

“కాస్త ఆలోచించనీవే.”

“ఆలోచించడానికేముంది? ఇదేమన్నా దగ్గు మందా, ముందు నువ్వొక చెంచా తాగి చూసి, ఆనక నాకు పొయ్యడానికి?”

తల్లి తలెత్తింది. బ్యాగు కూతురి చేతిలో పెట్టి, గబగబా వెళ్ళి తనే కుర్చీలో కూర్చుంది.

“డాక్టరమ్మా, నాకూ ఉన్నాయి. ముందు నాకు చెయ్యండి. నాకేం కాకపోతే అప్పుడు దానికి.”

డాక్టరమ్మ కూతురి వంక చూసింది. కూతురు కిటికీ వంక చూసింది.

“నోరు తెరవండి... మీవి పాత మచ్చలమ్మా. పూర్తిగా పోతాయని మాటివ్వలేను. చాలావరకు కలిసిపోతాయి.”

“నావి పోకపోయినా ఫరవాలేదు. పన్ను ఊడకుండా ఉంటే అదే పదివేలు.”

రబ్బరు పొర కట్టారు. పళ్ళకి జెల్ రాసి, కాసేపాగి కడిగి, గాలి కొట్టి ఆరబెట్టారు. తల్లి అద్దం కావాలని సైగ చేసింది. చూసుకుంది. మచ్చలు పోలేదు సరికదా, సుద్దముక్క అరగదీసినట్టు ఇంకా తెల్లగా కొట్టొచ్చినట్టు కనబడుతున్నాయి.

ఆవిడ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. మాట్లాడ్డానికి నోరు లేదు. కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుని వద్దు, వద్దని తల ఊపింది. రెండో చేత్తో గుమ్మం చూపించింది. నేనెలాగైనా చస్తాను, నువ్వు పారిపో అన్నట్టుంది ఆ చూపు.

“కంగారు పడకండి. ఆరిన పన్ను అలాగే కనబడుతుంది. ఇప్పుడు చూడండి.” డాక్టరమ్మ పళ్ళ మీద ఏదో చుక్క వేసింది. అద్దంలో మచ్చలు కళ్ళముందే మసకబారిపోయాయి. “ఇది ఇట్టే ఆరిపోతుంది, మచ్చలు మళ్ళీ తేలతాయి. అసలు మందు ఇంకించి, లైటు పెట్టి గట్టిపరిస్తే పళ్ళు ఎప్పటికీ ఇలాగే ఉంటాయి. ఆపెయ్యమంటారా?”

తల్లి అద్దం తిరిగి ఇచ్చేసింది. మెల్లగా కూతురి చెయ్యి వదిలేసి, కళ్ళు మూసుకుని వెనక్కి వాలింది.

అంతా అయ్యాక రబ్బరు పొర తీసి మళ్ళీ అద్దం ఇచ్చారు. ఒక పంటి అంచున లీలగా ఒక నీడ మిగిలింది, అంతే. తల్లి నాలుకతో పళ్ళు తడిమి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. పెదవులు వాటంతటవే విచ్చుకున్నాయి. వెంటనే చెయ్యి అలవాటుగా పైకి లేచింది.

కూతురు ఆ చేతిని సగంలోనే పట్టుకుంది. “ఉండమ్మా. ఒక్క నిమిషం. నన్ను చూడనీ.”

“నా మొహం, చూడ్డానికేముందే?” తల్లి గబుక్కున కుర్చీ దిగింది. “రా, ఇక నువ్వు కూర్చో. నొప్పి లేదు, ఏం లేదు. నేను చూశాగా.”

డాక్టరమ్మ కుర్చీ మీది లైటు ఆర్పేసింది.

“అదేంటి డాక్టరమ్మా, మా అమ్మాయికి?”

“నాకెందుకమ్మా?” అంటూ కూతురు తన ముందు పంటిని గోటితో గీకింది; పొద్దున అద్దుకున్న తెల్ల గోళ్ళరంగు పెచ్చులా ఊడి చేతిలోకొచ్చింది.