ఐదో రోజు దాకా

"సనిత్ గాడు నా కర్రపెండలం తోట మింగాడు. మూడెకరాల ఇరవై సెంట్లు. ఈ కషాయం మింగడానికేం రోగం వీడికి?"

ఖంఫాన్ ఆ మాట అంటూనే సనిత్ జుట్టు పట్టి తల వెనక్కి వంచాడు. గిన్నె అంచు పళ్ళకి తగిలి టకటకమంది. నల్లటి వేళ్ళ కషాయం సగం గొంతులోకీ సగం ఎర్ర చొక్కా మీదికీ పోయింది.

"వద్దన్నా, చస్తాను..."

"మింగి చావు."

మఠం మురుగుకాలవ పొడవునా మత్తు మానడానికి వచ్చిన పదిమంది ఎర్రబట్టల వాళ్ళు మోకాళ్ళ మీద ఉన్నారు. వెనక డప్పులు మోగుతున్నాయి. సనిత్ ఒక బకెట్ నీళ్ళు గటగటా తాగి, పేగులు తెగిపోతాయేమో అన్నట్టు కక్కాడు. వాడి తల ఎత్తకుండా మెడ మీద మోచెయ్యి ఆనించి, ఖంఫాన్ తన గిన్నె తను తాగాడు. తనూ కక్కాడు. అతను సారా మానడానికి చేరాడు. సనిత్‌ది మత్తుమాత్రల అలవాటు. జైలా, మఠమా అని ఖంఫాన్ అడిగితే మఠమే అన్నాడు. అయినా దారిలో దూకకుండా పికప్‌లో తాళ్ళతో కట్టి తెచ్చాడు ఖంఫాన్.

ఆ మఠంలో మనిషిని జన్మకి ఒక్కసారే చేర్చుకుంటారు. మత్తు ముట్టను, అబద్ధమాడను అని బుద్ధుడి ముందు ప్రమాణం చేయిస్తారు. ఐదు రోజులు కక్కిస్తారు. ఐదో రోజు మంత్రం రాసిన కాగితం మింగిస్తారు. దాంతో ప్రమాణం ముడిపడుతుంది. ఆ తర్వాత తప్పినవాడు నెత్తురు కక్కుకుని చస్తాడని అక్కడ అందరి నమ్మకం. ఈలోపు గోడ దాటితే గేటు మళ్ళీ తెరవరు.

సనిత్ మూడో రోజు మధ్యాహ్నం గోడెక్కాడు. గోడ మీద సీసా పెంకులున్నాయి. ఖంఫాన్ పరిగెత్తుకొచ్చి వాడి కాలు పట్టి లాగాడు. అరచేతులు చీరుకుని ఇద్దరూ కింద పడ్డారు. సనిత్ అతని బొటనవేలు కొరికాడు. ఎముక దాకా దిగింది. ఖంఫాన్ నుదుటితో వాడి మూతి మీద ఒక్కటిచ్చాడు. రెండు పళ్ళు ఊడి దుమ్ములో పడ్డాయి.

"చంపెయ్, పీడా పోతుంది!"

"అంత తేలిగ్గా చావనిస్తానా? ఐదో రోజు దాకా నువ్వు బతికుండాల్సిందే."

ముసలి భిక్షువు వచ్చి నిలబడ్డాడు. "ఎవరు కొట్టారు?"

"నేనే, భంతే. పారిపోతుంటే పట్టుకున్నాను."

భిక్షువు రక్తం కారుతున్న వేలూ, ఊడిన పళ్ళూ చూశాడు. "ఇంకోసారి చెయ్యి లేపితే ఇద్దరూ బయటికే. కోపంతో కట్టిన ప్రమాణం నిలవదు నాయనా. వెళ్ళు, నూటెనిమిది సాష్టాంగాలు చెయ్యి."

ఖంఫాన్ ఎండలో, మండుతున్న గచ్చు మీద, లెక్క తప్పకుండా చేశాడు. నుదురు చీలింది. లేచి నేరుగా సనిత్ చాప దగ్గరికే వెళ్ళి కూర్చున్నాడు.

నాలుగో రోజు సనిత్ ఒళ్ళు కాలిపోయింది. తల గోడకేసి కొట్టుకున్నాడు. ఖంఫాన్ తన అరచెయ్యి గోడకి అడ్డం పెట్టాడు. దెబ్బలన్నీ ఆ చేతికే తగిలాయి. సనిత్ ఏదో గొణుగుతుంటే, వాడి నోటికి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

పక్క చాప మీది లారీ డ్రైవర్ జమ్రత్ పగలబడి నవ్వాడు. "ఏంటి ఖంఫాన్ మామా, లాటరీ నంబరు చెబుతున్నాడా? తగిలితే నాకూ వాటా ఇవ్వాలి!"

"పిచ్చి వాగుడు. ఒక్క ముక్క తలాతోకా లేదు."

"తోట మింగినోడికి ఈ సేవేంటయ్యా? నేనైతే గోడెక్కేటప్పుడు నిచ్చెన వేసేవాణ్ణి. పోయి చచ్చేవాడు."

"మత్తు ఒంట్లో ఉన్నంతసేపు వీడు నిజం చెప్పలేడు. మూడుసార్లు అడిగాను. మూడు రకాలుగా చెప్పాడు. వీడికి మతి రావాలి. ప్రమాణం ముడిపడాలి. అప్పుడు అడుగుతాను."

"తోట కాగితాల కోసం బొటనవేలు కొరికించుకున్నావు. నీ అంత పిసినారిని నేను చూళ్ళేదు మామా."

ఖంఫాన్ గంజి కలిపి, చెంచాతో సనిత్ దవడ తెరిచి పోశాడు. ఉమ్మేస్తే మళ్ళీ పోశాడు.

ఐదో రోజు ఉదయం సనిత్ కళ్ళల్లో ఎరుపు తగ్గింది. తనే గిన్నె అందుకుని తాగాడు. ఎవరూ వంచకుండానే వంగి కక్కాడు. ఈసారి నీళ్ళే వచ్చాయి. భిక్షువు వాడి చెవిలో మంత్రం చెప్పి, చిన్న కాగితం నాలుక మీద పెట్టాడు. సనిత్ కళ్ళు మూసుకుని మింగాడు. గొంతు కదిలేదాకా ఖంఫాన్ రెప్ప వెయ్యలేదు.

మెట్ల దగ్గర సనిత్ వచ్చి అతని కాళ్ళ మీద పడ్డాడు.

"అన్నా, నువ్వు లేకపోతే మూడో రోజే పోయేవాణ్ణి. సొంత అన్న కూడా ఇంత చెయ్యడు."

"మతి స్థిమితంగా ఉందా?"

"అద్దంలా ఉందన్నా. చిన్నప్పటి సంగతులు కూడా గుర్తొస్తున్నాయి."

"ఇప్పుడు అబద్ధమాడితే ఏమవుతుంది?"

"నెత్తురు కక్కుకుని చస్తాను. ఎందుకాడతానన్నా? ఊరెళ్ళగానే నీ తోట నీకు రాసిచ్చేస్తా. మూడెకరాల ఇరవై సెంట్లు, గజం తగ్గకుండా."

"తోట నువ్వే ఉంచుకో."

ఖంఫాన్ వాడి పక్కన కూర్చున్నాడు. ఐదు రోజుల్లో మొదటిసారి వాడి భుజం మీద మెల్లగా చెయ్యి వేశాడు.

"నా కూతుర్ని ఎక్కడ పూడ్చావు?"