తెల్ల గౌన్లు

"ఇగ స్టాక్ ఫికర్ మీకొద్దు సార్. ఏ సరుకు అయిపోతే అది మేమే తెచ్చి నింపుతం. సంతకం పెట్టుండ్రి," అన్నాడు హోల్‌సేల్ కంపెనీ మనిషి విజయ్‌కుమార్.

కాజీపేటలో పిల్లల బట్టల షాపు నడిపే కృపానందం పెన్ను తీశాడు.

"ఒక్కటి సార్. ఈ తెల్ల గౌన్లు ఏడు ఉన్నయి. ఏడాదికొకటి తెప్పిచ్చిండ్రు, ఏడాదికో సైజు పెద్దది. ఒక్కటి గూడ పోలే. వాపస్ తీస్కపోత."

ఆర్డర్లు పెట్టేది భార్య సలోమి. కృపానందం ఆమె వైపు చూశాడు. సలోమి తల వంచుకుంది.

వాళ్ల బిడ్డ కీర్తన జ్వరంతో పోయి ఏడేళ్లయింది. అప్పుడు పాపకు నాలుగేళ్లు.

"తెల్ల గౌన్లు ఉండనియ్యుండ్రి. అవి మేమే తెప్పిచ్చుకుంటం. మిగిలినయి మీరు చూస్కోండ్రి," అన్నాడు కృపానందం.

"వద్దు, తీస్కపోనియ్యి," అంది సలోమి. "ఈ క్రిస్మస్‌కు ఏ సైజు తెప్పియ్యాల్నో తెలుస్తలేదు. బిడ్డ ఎంత పొడుగుండేదో నాకు అందాజ్ దొరుకుతలేదు."

కృపానందం పెన్ను పక్కన పెట్టాడు. అరచేతిని తన ఛాతీకి ఆనించి చూపించాడు.

"ఇంతుండేది సలోమీ," అన్నాడు. "నేన్గూడ దినాం కొలుచుకుంటున్న."