నాలుగింటిలోపు పరీక్ష

“మళ్ళీ గుచ్చుతారా? ఇవాళ వద్దు,” అన్నాడు లిఫ్టు మెకానిక్, ఆసుపత్రిలో రక్తపరీక్ష గది ముందు.

భార్య కుడిచెయ్యి మోచేతి దాకా కమిలి ఉంది. కాలేయం పాడయ్యాక ఆమెకు రక్తం త్వరగా గడ్డకట్టడం లేదు. సూది దిగిన ప్రతిచోటా ఒక నల్లమచ్చ.

“సోమవారం ఇద్దాంలే, పద.”

పక్క కుర్చీలోని చలువకళ్ళద్దాల మనిషి ఇటు తిరిగాడు.

“సోమవారమైతే లాభం లేదండీ. కౌంటర్లో మీ తేదీ చదువుతుంటే విన్నాను. రక్తం ఇవ్వడానికి గడువు ఇవాళే, నాలుగింటిలోపు.”

“అయితే?”

“రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమైతే జబ్బు అంత ముదిరినట్టు. కాలేయ మార్పిడి జాబితాలో అంత పైకొస్తారు. కొత్త రిపోర్టు లేకపోతే పాత లెక్కే వేసి కిందికి నెట్టేస్తారు.”

“మీరు డాక్టరా?”

“కాదు.”

“ఇక్కడ పనిచేస్తారా?”

“లేదండీ.”

“మరి దారిన పోయే దానయ్యకి మా గొడవెందుకు?”

అడగకుండా సాయం చేసేవాళ్ళంటే అతనికి భయం. ఏజెంటేమో! చివర్లో ఏదో అడుగుతాడు. లేచాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. నాలుగింటికి పది నిమిషాలుంది.

“ఏమండీ, ఇన్ని గుచ్చారు, ఇంకోటి ఎక్కువా?” అంది భార్య.

“ఎడమచేతికి తీయమనండి చెల్లెమ్మా. తర్వాత పది నిమిషాలు దూది గట్టిగా నొక్కిపట్టండి.”

“చెల్లెమ్మట! వరస కూడా కలిపేశాడు,” గొణుగుతూనే ఆమెను లోపలికి నడిపించాడు.

బయటికొచ్చేసరికి ఆ కుర్చీ ఖాళీ. ‘చూశావా, పప్పులుడకలేదు’ అనుకున్నాడు.

రిపోర్టులో అంకె బాగా పెరిగింది. ఆరోరోజున ఫోన్ వచ్చింది. దాత దొరికాడు. ఆపరేషన్ అయింది. భార్య బతికింది.

అతనికే నెమ్మది లేదు. లిఫ్టు బోల్టులు బిగిస్తున్నా ఆ ‘చెల్లెమ్మా’ చెవిలో తిరిగేది. రెండు నెలలకి చెకప్‌కి వచ్చినప్పుడు, జాబితా చూసే నర్సుని అడిగాడు.

“చలువకళ్ళద్దాల ఆయన... ఒక్కమాట చెప్పాలి.”

“మీకేమవుతారు?”

“నాకేం కారు. మా ఆవిణ్ణి చెల్లెమ్మా అన్నారు.”

నర్సు పెన్ను పక్కన పెట్టింది.

“పోయిన నెల పోయారండీ.”



“ఏం జబ్బు?”

“మీ ఆవిడ జబ్బే, బ్లడ్ గ్రూపు కూడా అదే,” అంది నర్సు. “ఆవిడ రిపోర్టు వచ్చేదాకా జాబితాలో మొదటి పేరు తనదేనని ఆయనకి తెలుసు.”