మొదటికొచ్చిన లెక్క

"పిల్లిని తాకావు. లెక్క మళ్ళీ మొదటికొచ్చింది," అన్నాడు పాస్కో గోడమీంచి తొంగిచూస్తూ.

లూక్షా ఒళ్ళో పిల్లిని గబుక్కున దించేశాడు. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. తెల్లారితే బయటపడాల్సిన మనిషి. ఆ సంబరంలో గడ్డం కూడా గీసుకున్నాడు.

"ఇది రోజూ పక్క పెరట్లోంచి వచ్చేదే కదా బాబాయ్. ఇన్నాళ్ళూ నువ్వు చూడలేదా?"

"ఇవాళ చూశాను. బొచ్చులో ప్లేగు దాక్కుంటుందని తోళ్ళ వ్యాపారికి నేను చెప్పాలా?"

తూర్పు నుంచి సరుకుతో వచ్చినవాళ్ళెవరైనా సరే, డుబ్రోవ్నిక్ కోటగోడ బయట ఈ క్వారంటైన్ ఇంట్లో నలభై రోజులు కూర్చోవాల్సిందే. మధ్యలో బయటి ప్రాణిని గానీ వస్తువును గానీ తాకారా, ఆ నలభై మళ్ళీ ఒకటి నుంచి మొదలు. కొండల అవతలి నుంచి లూక్షా తోళ్ళూ మైనమూ తెచ్చాడు. గుర్రాలవాళ్ళు సరుకు దించేసి వెనక్కి పోయారు. ఇతనొక్కడే మిగిలాడు.

వచ్చిన కొత్తలో కాపలా ముసలాడు పాస్కో గడప అవతల కూర్చుని బోలెడు కబుర్లు చెప్పేవాడు. వాళ్ళ తాత కాలంలో ఈ కట్టడి లేక ప్లేగు ఊళ్ళోకే వచ్చేసిందట. రోగం సోకిన ఇంటి తలుపుకు బయటినుంచి మేకులు కొట్టేసేవారట. "నిన్ను చూడు, కూర్చోబెట్టి రొట్టె పెడుతున్నాం. కొత్తల్లుడివి కూడా కాదు," అని ఏడిపించేవాడు.

ఇప్పుడా కబుర్లు లేవు. కొన్నాళ్ళుగా ముసలాడు గడప దగ్గరికే రావడం మానేశాడు. గోడమీంచి పొడుగాటి కర్రకు గంప తగిలించి రొట్టె దించుతున్నాడు. ఒకటి రెండు ముక్కలు మాట్లాడి దిగిపోతున్నాడు.

ఊరిని కాచే సెయింట్ వ్లాహో పండగ ఇంకో వారంలో ఉంది. పండగ మర్నాడే దేషాతో లూక్షాకు పెళ్ళి. దేషాను చేసుకుంటానని మొదట్నుంచీ పట్టుబట్టినవాడు ఇంకొకడున్నాడు. వాడు ఓర్సాట్, ఈ పాస్కోకి సొంత మేనల్లుడు. దేషా తండ్రి సంగతి లూక్షాకు బాగా తెలుసు. వంటలు చల్లారిపోతున్నాయంటే పక్కన నిలబడ్డవాణ్ణి పట్టుకొచ్చి పెళ్ళి జరిపించేసే రకం.

"ఇదంతా మీ ఓర్సాట్ కోసమే కదా?" అని అడిగేశాడు.

"అలాగే అనుకో," అన్నాడు పాస్కో.

లెక్క మొదటికొచ్చిందని చెప్పేటప్పుడు ఆ ముసలి ముఖంలో ఏదో బరువు దించుకున్న తేలిక కనబడింది. లూక్షాకు అది గుండెల్లో గుచ్చుకుంది. దేషా కోసం కొన్న వెండి ఉంగరం ఇస్తాను, పిల్లి సంగతి మరిచిపొమ్మని బతిమాలాడు. పాస్కో దానివైపు చూడను కూడా చూడలేదు. లంచానికి కూడా లొంగలేదంటే ఎంత కక్షో అనుకున్నాడు లూక్షా.

ఊళ్ళోంచి సుత్తి దెబ్బలు వినిపించడం ఆ రోజే మొదలైంది. ఒకసారి కోట ద్వారం వైపునుంచి, ఒకసారి రేవు వైపునుంచి, పొద్దుగూకేదాకా ఆగేవి కావు. చర్చి గంటలు మాత్రం మోగడం లేదు. మర్నాడు గోడెక్కిన పాస్కో నడుముకు కూడా సుత్తి వేలాడుతోంది.

"ఏం కడుతున్నారు?" అన్నాడు లూక్షా.

"పండగ పందిళ్ళు."

"మరి గంటలేవీ?"

"దించి తోముతున్నారు."

"దేషా ఎలా ఉంది?"

పాస్కో గంప తాడు సర్దుకున్నాడు. "నీ గురించి అడిగింది," అని దిగిపోయాడు.

పండగనాడు లూక్షా గోడకు చెవి ఆనించి కూర్చున్నాడు. గాలి ఊరి వైపునుంచే వీస్తోంది. ఊరేగింపు పాట లేదు, పిల్లల కేకలు లేవు. ఒక్క సుత్తి మాత్రం కొట్టి, ఆగి, మళ్ళీ కొడుతోంది. జనమంతా చర్చి లోపల ఉండి ఉంటారని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు సాయంత్రం వచ్చిన పాస్కో కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎవరి పెళ్ళిలో తాగొచ్చావు?"

"ఓర్సాట్ ఇంటి దగ్గర్నుంచి వస్తున్నా," అన్నాడు పాస్కో. "అక్కడి పని కూడా అయిపోయింది."

లూక్షా చేతికందిన రాయి తీసి విసిరాడు. అది నుదుటికి తగిలింది. ముసలాడు నెత్తురు తుడుచుకుని, రొట్టె గంప దించి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి పొద్దున గోడమీద ముఖం కనబడలేదు. తలుపు అవతలనుంచి గొంతు మాత్రం వచ్చింది. అది బాగా నీరసించి ఉంది.

"ఇక నేను రాను. గంపలో ఎండు రొట్టెలున్నాయి, నీ లెక్క పూర్తయ్యేదాకా సరిపోతాయి. తాళంచెవి వెనిగర్‌లో కడిగి తలుపు కిందనుంచి తోస్తున్నా. లెక్క పూర్తయ్యాకే తీయి. అప్పుడు కూడా ఊరి వైపు వద్దు. కొండదారి పట్టి పో, నాయనా."

చేసిందంతా చేసి నాయనా అంటున్నాడు. కొత్త జంట కంటబడి గొడవ చేస్తానని భయం కాబోలు. ఈడ్చుకుంటూ పోతున్న అడుగులు వినబడకుండా పోయేదాకా లూక్షా ఓపిక పట్టాడు. తర్వాత తాళం తీశాడు.

కోట ద్వారం బార్లా తెరిచి ఉంది. కాపలావాళ్ళు లేరు. పెళ్ళి విందులో పడి పని కూడా మానేశారన్నమాట. ఉంగరం పిడికిట్లో బిగించి, దేషా తండ్రిని నలుగురిలో నిలదీయాలని మాటలు కూర్చుకుంటూ, పరుగులాంటి నడకతో ఆమె వీధి మలుపు తిరిగాడు.

ఆ వీధిలో ప్రతి తలుపుకూ బయటినుంచి మేకులు కొట్టి ఉన్నాయి.