తడవని ఈత

ఈ వింత ఇంకెక్కడైనా ఉందేమో మీరే చెప్పండి! బాతుపిల్లలకు ఈత నేర్పే చెరువు బడి ఒకటుంది. దాని కమిటీకి కొత్త మెంబరుగా ఎవరొచ్చారనుకున్నారు? కోడిపుంజు! జన్మలో కాలిగోరు కూడా తడుపుకోనివాడు.

బడి పంతులమ్మ ముసలి బాతు. అది దండం పెట్టి అడిగింది. "పుంజుగారూ, చెరువు పూడిపోతోంది. కాస్త బురద తీయించండి. నక్క తిరుగుతోంది బాబూ, నీళ్లలోకి దూకడం తప్ప మా పిల్లలకు వేరే దిక్కులేదు."

"ఎంతసేపూ బురద గోలేనా?" అంటూ పుంజు పెంటకుప్ప ఎక్కి మెడ సాచాడు. "నా ఆశయం పెద్దదమ్మా. మన పిల్లలు ఒళ్లు తడవకుండా ఈత నేర్వాలి!"

కమిటీలోని కోళ్లన్నీ టపటపా రెక్కలు కొట్టాయి. ఇంకేముంది, చెరువు పూడ్పించి, నున్నగా గచ్చు చేయించి, పైన నీలం రంగు వేయించాడు. పిల్లలు దానిమీద బోర్లా పడుకుని కాళ్లాడించారు. అందరూ ఫస్టుక్లాసులో పాసయ్యారు. పుంజుగారికి దండలే దండలు!

ఓ సాయంత్రం నక్క రానే వచ్చింది. "దూకండర్రా!" అని పంతులమ్మ పాత అలవాటు కొద్దీ అరిచింది. పిల్లలు బుద్ధిగా గచ్చుమీదికి దూకి, నేర్పినట్టే కాళ్లాడించారు. నక్క తాపీగా నడిచొచ్చి, అందరికంటే బాగా ఈదుతున్న పిల్లను నోట కరుచుకుపోయింది.

పంతులమ్మ ఏడుస్తూ పుంజు దగ్గరికి పరుగెత్తింది. ఆయన అప్పటికే గోడెక్కి కూర్చున్నాడు.

"ఊరుకోమ్మా," అన్నాడు ఈకలు సర్దుకుంటూ. "నేనొచ్చాక ఈ బడిలో ఒక్క పిల్లయినా నీళ్లలో మునిగి చచ్చిందా, చెప్పు?"