ఆరు కిలోల చక్రం

“నాలుగు కిలోల చక్రం వెయ్యి ప్రోకోపీ. ఈసారి కొండ రేసులో కూడా మా బావమరిది లాంబిస్ ముందు తల దించుకోవడం నా వల్ల కాదు,” అన్నాడు స్తమాతిస్, తన కారు బానెట్ మీద చెయ్యేసి.

ప్రోకోపిస్ కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు. ఊళ్లో టర్బో కార్ల మెకానిక్ అతనొక్కడే, మిఠాయి దుకాణం ఉన్నవాడు స్తమాతిస్ ఒక్కడే. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు కనుక ఒకరి మాట ఒకరు ఖాతరు చేయరు.

“ఇంజను వెనక తిరిగే ఆ చక్రం తేలికైతే ఇంజను చటుక్కున లేస్తుంది, ఒప్పుకుంటా. క్లచ్ తొక్కావంటే అంతే చటుక్కున పడిపోతుంది. టర్బోకి ఊపిరాగుతుంది. అది మళ్లీ అందుకునేలోగా మీ బావమరిది పై మలుపు దాటేసి సిగరెట్ వెలిగిస్తాడు.”

“అలాగని కారుతో వచ్చిన ఎనిమిది కిలోలదే ఉంచుకోనా? మూడేళ్లుగా దాంతోనే ఓడిపోతున్నా.”

“దాంతో కాదురా, నీ ఎడమకాలితో ఓడిపోతున్నావు. క్లచ్ వదిలావంటే పిండి బస్తా కింద పడేసినట్టే.”

ఒకడు అరకిలో దిగాడు, ఇంకొకడు అరకిలో ఎక్కాడు. రెండో కాఫీ అయ్యేసరికి ఆరు దగ్గర ఆగారు.

“ఆరుకి తగ్గిందంటే నీ కాలికి బండి స్టార్టు గీత మీదే ఆగిపోతుంది. సరిగ్గా ఆరు కిలోలు. ఇది నా మాట,” అన్నాడు ప్రోకోపిస్.

అతని మాటకి ఊళ్లో తిరుగులేదు. తండ్రి అతనికి మిగిల్చినవి రెండే: ఆ మంచి పేరు, షెడ్డు గోడకి వేలాడే పాత స్ప్రింగు కాటా. గురువారానికల్లా చక్రాన్ని లేత్ మీద చెక్కి, ఆ కాటాకి తగిలించాడు. ముల్లు ఆరు మీద నిలబడింది.

సాయంత్రం స్తమాతిస్ తన దుకాణంలోని కాటాని తెల్ల గుడ్డలో చుట్టి, చంటిపిల్లాణ్ణి ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు.

“మీ నాన్న కాటాలో గ్రీజు తప్ప ఏం కనబడదు. ఇది ఎలక్ట్రానిక్‌ది. పదేళ్లయింది కొని. నేను తప్ప దీన్ని ఒక్కరూ ముట్టుకోలేదు, మా ఆవిడతో సహా.”

చక్రం దాని మీద పెట్టారు. ఎర్రటి అంకెలు ఆరు కిలోల ఆరువందలు చూపించాయి.

“ఆరువందల గ్రాములు ఎక్కువ. ఇదేనా నీ మాట? లేక లాంబిస్‌తో కుమ్మక్కయ్యావా?”

ప్రోకోపిస్ ముఖం కందిపోయింది. నలభై ఏళ్లలో ఎవరూ అతన్ని అంత మాట అనలేదు. స్ప్రింగు సాగిపోయిందేమో, ఎన్నేళ్ల కాటా అనుకున్నాడు. దాన్ని గోడ మీంచి తీసి బల్ల కిందికి నెట్టేశాడు. ఆ పని చేస్తుంటే తండ్రినే బయటికి పంపినంత బాధ కలిగింది. మళ్లీ లేత్ తిప్పాడు. దుకాణం కాటా మీద సరిగ్గా ఆరు వచ్చాక గాని ఆపలేదు. స్తమాతిస్ చక్రం అంచు చుట్టూ ఎర్ర రంగు పూసి మరీ వెళ్లాడు.

“తర్వాత నువ్వు గీకితే తెలియాలిగా,” అన్నాడు.

ఆదివారం కొండ రేసు. పచ్చ దీపం వెలిగింది, స్తమాతిస్ క్లచ్ వదిలాడు, కారు గీత మీదే ఆగిపోయింది. రెండోసారి కదిలింది గాని, గేరు మార్చిన ప్రతిచోటా టర్బో ఆయాసపడింది. లాంబిస్ పదకొండు సెకన్ల తేడాతో గెలిచి, పైన నిజంగానే సిగరెట్ వెలిగించాడు.

సోమవారం ప్రోకోపిస్ నామదినం, అంటే అతనికి పేరు పెట్టిన పునీతుడి పండగ. నామదినానికి ఎవరినీ పిలవక్కర్లేదు, వాళ్లే వస్తారు. మధ్యాహ్నానికి షెడ్డు ముందు ఊరు ఊరంతా చేరింది. వచ్చినవాళ్లందరి చేతుల్లోనూ స్తమాతిస్ దుకాణంలో కొని నీలం రిబ్బను కట్టించిన కిలో మిఠాయి పెట్టె. వాళ్లను తోసుకుంటూ స్తమాతిస్ వచ్చాడు. వెనకాలే రేసు క్లబ్బు తనిఖీ అధికారి అరెతీ, ప్రభుత్వ ముద్ర ఉన్న కాటాతో.

“ఆరుకి తగ్గితే గీత మీదే ఆగుతుందన్నావు. ఆగింది. అంటే నేను వెళ్లాక మళ్లీ చెక్కావు. దించు చక్రం. ఇంతమంది ముందు తూచాలి.”

ప్రోకోపిస్ పానాలు అందుకున్నాడు. గేరుబాక్సు విప్పి చక్రం బయటికి తీయడానికి రెండు గంటలు పట్టింది. ఒక్కరూ కదల్లేదు. అతనికి నిజంగానే భయం వేసింది. పండగపూట, తనకి శుభాకాంక్షలు చెప్పడానికి వచ్చినవాళ్ల ముందే దొంగ అనిపించుకుంటే ఇక ఈ షెడ్డు తలుపు తెరిచేదెలా?

అరెతీ తూచింది. “ఐదు కిలోల నాలుగువందల యాభై.”

జనంలో గుసగుస లేచింది. ప్రోకోపిస్ వంగి బల్ల కింద నుంచి తండ్రి కాటా తీశాడు. చక్రాన్ని దానికి తగిలించాడు. ముల్లు ఐదున్నరకి వెంట్రుకవాసి ఇవతల ఆగింది. అరెతీ కళ్లజోడు సవరించుకుని చక్రం అంచు చుట్టూ చూసింది.

“రంగు ఎక్కడా చెదరలేదు స్తమాతిస్ గారూ. మీరు తూచాక దీన్ని ఎవరూ గీకలేదు.”

“గీకకపోతే ఎలా తగ్గుతుందమ్మా?” స్తమాతిస్ జనం వైపు తిరిగి గొంతు పెంచాడు. “మీరే చెప్పండి. ఇదే చక్రం, ఇదే రంగుతో, నా దుకాణం కాటా మీద సరిగ్గా ఆరు కిలోలు తూగింది.”

ఊరంతా చేతుల్లోని మిఠాయి పెట్టెలకేసి చూసుకుంది.