రోటియాకిచ్చిన మూడు నిమిషాలు

"సముద్రం లోపలికొచ్చిన రోజు ఏం జరిగిందో ఇంకోసారి చెప్పవే," అడిగింది రోటియా.

టాబెటా తలెత్తలేదు. చేమగుంటలో మోకాళ్ల లోతున దిగి, కుళ్లిన దుంపలు పీకి గట్టు మీదకు విసురుతోంది.

"విమానమెక్కేది నువ్వు. చెప్పుకునేదేదో నువ్వే చెప్పుకో."

"ఆ రోజు నేనిక్కడ లేను కదే. ఫిజీలో చదువుకుంటున్నా."

"మరి నిన్నెందుకు ఎంచారు? ఇంగ్లీషొచ్చనేగా. మడచెట్లు నాటింది నేను. ఊరూరా తిరిగి పిల్లల్ని కూడగట్టింది నేను. మన కిరిబాటి దీవుల తరఫున ప్రపంచ వాతావరణ సభలో పూలకిరీటం పెట్టుకుని నిలబడేది మాత్రం మా పెద్దమ్మ కూతురు."

రోటియా గట్టు మీద కూర్చుని, ఫోన్ తీసి చెల్లెలి ముందు పెట్టింది.

"అక్కడ నీ గొంతే వినిపిస్తా. మన భాషలోనే చెప్పు. నాకిచ్చింది మూడు నిమిషాలు."

"మూడూ నాకిచ్చేస్తే నువ్వేం మాట్లాడతావ్?"

"ఏం మాట్లాడను. చూడనిది చూసినట్టు చెప్పడం నా వల్ల కాదు. నీ మాటలకు ఇంగ్లీషు అనువాదం తెర మీద పడుతుంది. నేను పక్కన నిలబడతానంతే."

టాబెటాకు అసూయ పోలేదు. కానీ టికెట్టు తనకే వచ్చి ఉంటే, ఆ మూడింట్లో ఒక్క నిమిషమైనా రోటియాకిచ్చేదా అని ఆలోచించింది. ఇచ్చేది కాదు.

బురద చేతులు నడుముకు చుట్టుకున్న గుడ్డకు తుడుచుకుంది.

"రికార్డు నొక్కక్కా," అంది. "ముందు చేమాకుల అంచులు పసుపెక్కాయి. అమ్మమ్మ గుంటలో నీళ్లు రుచి చూసి, ఉప్పు తగిలి ఉమ్మేసి, ఇంట్లోకెళ్లి పడుకుంది."